ఒకే మిద్దెపై రెండు ఏరియళ్లు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు చెప్పిరి. ఒకే మిద్దెపై రెండు ఏరియళ్లు ఇముడునా అను ప్రశ్న నిస్తంత్రీ విద్య పుట్టిననాటినుండియు దానిని వెన్నాడుచునే యున్నది. ఇంటింట రేడియో పెట్టెలు వెలసిన దినములలో పెంకుటిండ్ల కప్పులపై రెండు వెదురు గడలు పాతి, వాని నడుమ రాగితీగను సాగదీసి కట్టుట మనమెరిగినదే. ఆ తీగ కేవలము వినుటకు ఉద్దేశింపబడినది. కావున పొరుగింటి తీగతో దానికి పెద్ద కలహము లేదు. కాని పలుకుటకును వినుటకును తామే తీగలు కట్టుకొను ఔత్సాహికుల సంగతి వేరు. వారి చేతులలో తీగకును తీగకును నడుమ నుండవలసిన దూరము ఒక విద్యగా నెట్లు పరిణమించెనో పరిశీలింతము.

1901వ సంవత్సరమున న్యూయార్కు చెంత సముద్రముపై అమెరికా కప్పు పడవ పందెములు జరిగెను. ఆ వార్తలను నావలనుండి తీరమునకు పంపుటకు మార్కోనీ వర్గమొకటి, లీ డి ఫారెస్టు వర్గమొకటి సిద్ధపడెను. ఇంతలో మూడవ సంస్థయొకటి తన యంత్రమును అదే పనిగా మ్రోగింపసాగెను. నాటి స్పార్కు యంత్రములు విశాలమైన తరంగ పరిధిని ఆక్రమించు స్వభావము కలవి. అందువలన ముగ్గురి పలుకులును కలగాపులగమై పత్రికలకు నిరాశ మిగిలెను. విరుగుడు తెలియక కాదు. ఆలివర్ లాడ్జి 1897లోనే యంత్రములకు శ్రుతి కలుపు పద్ధతికి పేటెంటు కోరియుండెను. 1900వ సంవత్సరపు మార్కోనీ పేటెంటు, 7777 సంఖ్య గలది, ఆ మార్గముననే నడచినది. ఎవరి శ్రుతి వారిదైనచో ఒకరి మాట మరియొకరికి అడ్డురాదని పండితులు ఆశించిరి.

ఆ ఆశ సగమే ఫలించెను. డోలు ప్రక్కన కూర్చుండి ఏటి ఆవలి వేణువును వినబోయినచో శ్రుతిభేదము మనకెంత తోడ్పడును? 1907లో ఐర్లండునందలి క్లిఫ్డెన్ నుండి అట్లాంటికు మహాసముద్రము మీదుగా వార్తావ్యాపారము ఆరంభమైనప్పుడు ఈ చిక్కు స్పష్టమయ్యెను. తాను పలుకునంతసేపును ఆ కేంద్రము చెవిటిదియే. మార్కోనీ సంస్థ కనుగొన్న ఉపాయము సులభమైనది: నోటిని ఒకచోటను, చెవిని మరియొకచోటను ఉంచుట. 1914 నాటికి వేల్సునందు వాన్‌ఫార్ వద్ద ప్రసారకేంద్రమును, దానికి దక్షిణముగా సుమారు 60 కిలోమీటర్ల దూరమున టౌవిన్ వద్ద గ్రాహకకేంద్రమును నిర్మించి, రెంటిని భూమిపై తంతితో కలిపిరి. అంతట ఏకకాలమున పలుకుటయు వినుటయు సాధ్యమయ్యెను.

కంపెనీలకు అరువది కిలోమీటర్లు గలవు. ఔత్సాహికునకు ఉన్నది పెరడు మాత్రమే. అదియునుగాక 1912లో అమెరికా శాసనము వానిని 200 మీటర్లకు మించని తరంగములకు పరిమితము చేసెను. ఆ పొట్టి తరంగములు ఎందుకును కొరగావని నాటి నమ్మకము. కాని 1923 నవంబరులో ఫ్రాన్సునందలి లియోన్ డెలాయ్, అమెరికాయందలి ఫ్రెడ్ ష్నెల్ సుమారు 110 మీటర్ల తరంగముపై మహాసముద్రమునకు ఇరువైపుల నుండి సంభాషించిరి. మన దేశమున అమరేంద్ర చంద్ర గుప్తు, ముకుల్ బోసు మొదలగువారు 1921 ప్రాంతమున ఈ విద్యను చేపట్టిరి. తరంగము పొట్టిదైనకొలది తీగయు పొట్టిదయ్యెను. 200 మీటర్ల తరంగమునకు సగమనగా 100 మీటర్ల తీగ వలయును. 20 మీటర్ల తరంగమునకు 10 మీటర్లు చాలును. ఇట్లు ఒక పెరటిలో రెండు మూడు తీగలు కట్టుట సాధ్యమై, పాత చిక్కు క్రొత్త రూపమున ఇంటికే వచ్చెను.

చక్కగా వినబడు దూరదేశపు సంకేతము గ్రాహకయంత్రమును చేరునప్పటికి దాని బలము వాట్టులో రెండువేల కోట్లవ వంతు మాత్రమే. ప్రక్క తీగనుండి వెలువడునది నూరు వాట్లు! కావున మొదటి సూత్రము దూరము. తీగకు తగినంత ఎడముగా పోయిన పిమ్మట దూరము రెండింతలైనచో బలము నాల్గవ వంతగును. రెండవది దిక్కు. అర్ధతరంగపు తీగ తన ప్రక్కలకు మిక్కుటముగను, కొనలవైపు మిక్కిలి స్వల్పముగను శక్తిని వెదజల్లును. రెండు తీగలను సమాంతరముగా కట్టక, కొనకు కొన ఎదురుగా ఒకే వరుసలో కట్టినచో కలహము తగ్గును. స్థలము లేనిచో ఒకదానికొకటి అడ్డముగా, లంబముగా నిలుపవలెను. మూడవది వడపోత. 7 మెగాహెర్ట్జులపై పలుకు యంత్రము 14, 21 మెగాహెర్ట్జులపై గూడ కొంత గొణుగును. 7కు కొలిచి కట్టిన తీగ 21ని ఇష్టముగా మోయును. అందుచే యంత్రమునకు తీగకు నడుమ వడపోత వలయము ఉంచుదురు.

తీగలు దగ్గరైనచో వేరొక విశేషము గలదు. ఒకటి వెలువరించిన శక్తిని రెండవది గ్రహించి తిరిగి వెదజల్లును. తలచిన దిక్కు మారిపోవును. ఈ దోషమునే జపానునందలి ఉడా, యాగీ పండితులు గుణముగా మలచిరి. 1926లో వారు ప్రకటించిన ఏరియల్ నందు కడ్డీలను కొలిచిన ఎడములతో వరుసగా నిలిపి, శక్తినంతయు ఒకే దిక్కునకు మరలించిరి. నేలపై తగవులాడు పొరుగువారిని వరుసలో నిలిపి బండి లాగించినట్లైనది.

1933 నుండి అమెరికా ఔత్సాహికులు ఏటేట బయలున డేరాలు వేసి, ఒకే శిబిరమునుండి పలు యంత్రములు నడుపు అభ్యాసము చేయుచున్నారు. వినోదమువలె కన్పించినను దాని గురి ఆపత్కాలమే. మన వారికి దాని అర్థము 2004లో తెలిసెను. హైదరాబాదునందు 1983లో నెలకొన్న జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాదుగారి జట్టు, ఏండ్ల తరబడి ఔత్సాహికుల పలుకు వినబడని అండమాను దీవులకు పోయి పోర్టుబ్లెయిరు నుండి ప్రపంచముతో సంభాషించుచుండెను. డిసెంబరు 26న భూకంపమును సునామీయు వచ్చి దీవుల సమాచార మార్గములు తెగెను. వారు ఆటను విడిచి, దీవులలోనివారి క్షేమవార్తలను ప్రధాన భూభాగమునకు చేరవేయుటకు పూనుకొనిరి.

అట్టి ఘడియలో దూరమునుండి వచ్చు క్షీణస్వరమొక్కటి ప్రక్క యంత్రపు హోరులో మునిగిపోయినచో, ఒక కుటుంబము తన వారి సంగతి తెలియక మరియొక రాత్రి గడుపవలసివచ్చును. కొనకు కొన కట్టుటయు, నాలుగడుగులు ఎడముగా జరుపుటయు చిన్న పనులుగా తోచును. అవి నిదానముగా చేయదగిన దినములు ఆపదకు ముందున్న దినములే. తుఫానులకు నిలయమైన తీరమున నివసించు మనము ఈ విద్యను యువకులకు నేర్పుట ఉచితమని మేము తలంతుము.