మీదే ఊరమ్మా?

రైల్లో పక్కసీటావిడ దగ్గర్నించి పెళ్ళివారింట్లో కొత్తగా పరిచయమైన పెద్దావిడ దాకా మనల్ని మొట్టమొదట అడిగే ప్రశ్న ఒకటే. "మీదే ఊరమ్మా?" మగవాళ్ళు ఠక్కున చెప్పేస్తారు. మనం మాత్రం ఓ క్షణం ఆగుతాం. పుట్టిన ఊరు చెప్పాలా, మెట్టిన ఊరు చెప్పాలా, ఇరవయ్యేళ్ళుగా అద్దె కడుతున్న ఊరు చెప్పాలా? ఈ తటపటాయింపు మనకే అనుకోకండి. భూగోళ శాస్త్రం చదివిన మహామహులకూ ఉంది. ఊరంటే ఏమిటి, ప్రాంతమంటే ఏమిటి అని వాళ్ళు పుస్తకాలకు పుస్తకాలే రాశారు. చెప్పొద్దూ, ఆ శాస్త్రం నాకు తలకెక్కింది మాత్రం హైదరాబాదులోని ఒక బస్తీ మూలంగా. దాని పేరు బార్కస్.

చార్మినారు నుంచి దక్షిణంగా వెళ్ళి చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్ వస్తుంది. శాస్త్రజ్ఞులు మొదట అడిగేది 'ఉనికి'. పటం మీద ఎక్కడుంది అని. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. సరే, ఆ లెక్క తేలిపోయింది. ఉనికిలో రెండో రకం కూడా ఉంది. దేనికి దగ్గర, దేనికి దూరం అన్నది. "రామాలయం వెనకసందులో మూడో ఇల్లు" అని మనం చుట్టాలకు చెప్పేది ఈ రకమే. ఈ రెండో లెక్క వేస్తే బార్కస్‌కు దగ్గరి చుట్టం అరేబియా సముద్రానికి అవతల, యెమెన్ దేశంలో ఉంది. ఆ సీమ పేరు హద్రమౌత్.

పందొమ్మిదో శతాబ్దంలో హద్రమౌత్ అరబ్బులు నిజాం కొలువులో సైనికులుగా ఉండేవారు. వాళ్ళ జమేదార్లు ఎంత బలవంతులంటే, వాళ్ళను అదుపులో పెట్టడం దివాన్ సాలార్‌జంగుకే పెద్ద పని అయిపోయింది. ఇక్కడ జమేదారీ చేసిన ఖుఐతీ వంశం వాళ్ళు ఆ సంపాదనతో హద్రమౌత్‌లో రాజ్యమే స్థాపించారు. ముకల్లా రాజధానిగా అది 1967 దాకా నిలిచింది. నిజాం అరబ్బు సైనికులుండే బారక్సే జనం నోట్లో నలిగి 'బార్కస్' అయింది. ఊరి పేరే ఊరి చరిత్ర చెబుతుందంటే ఇదే.

చిత్రమేమిటంటే, హద్రమౌత్‌లోని తరీమ్ పట్నం, మన బార్కస్ దాదాపు ఒకే అక్షాంశం మీదున్నాయి. తేడా ఒక డిగ్రీ, కాస్త పైన. ఎండ ఒక్కటే, వాన మాత్రం వేరు. మనకు ఏడాదికి ఇంచుమించు 80 సెంటీమీటర్లు పడితే, అక్కడ పది పడటం గగనం. చాలని నేల బిడ్డల్ని బయటికి పంపుతుంది. మనిషికీ ప్రకృతికీ ఉండే ఈ లంకె శాస్త్రంలో మరో పాఠం. రాకపోకలు ఇంకో పాఠం. మనకు వానలు మోసుకొచ్చే నైరుతి గాలే వాళ్ళ తెరచాప ఓడల్నీ మన తీరానికి తోసేది. గాలి ఉధృతం కాకముందో, తగ్గాకో బయల్దేరేవారు. చలికాలంలో గాలి తిరిగితే వెనక్కి ప్రయాణం.

ఇంతవరకూ కథంతా మగవాళ్ళదే. అసలు సంగతి ఇక్కడుంది. ఓడలెక్కి వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళు బహు తక్కువ. వచ్చినవాళ్ళు ఇక్కడి ఆడపిల్లల్నే పెళ్ళాడారు. తండ్రి ఇంటిపేరులో హద్రమౌత్ వాసన తెలిపే 'బా' నిలిచింది గానీ, పిల్లల నోట తల్లి మాట ఉర్దూయే పలికింది. ఇలా పరాయి గడ్డ మీద పుట్టిన బిడ్డల్ని హద్రమౌత్‌లో 'మువల్లద్' అంటారు. సిపాయిల బారకాసుకు పొయ్యి, ఊయల, ఇరుగు పొరుగు అమర్చింది ఎవరంటారు? మన పక్క ఆడపిల్లలే కదూ!

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదులో ప్రవేశించింది. 17కల్లా అంతా ముగిసింది. అరబ్బు దళాలు రద్దయ్యాయి. ఎంతోమందిని నిర్బంధించారు. వీళ్ళు పరదేశీయులు, పంపించెయ్యాలన్న మాట వచ్చింది. కొందరు వెళ్ళిపోయారు కూడా. అప్పుడు అధికారులకు ఎదురైన చిక్కు చూడండి. తండ్రి అరబ్బు, తల్లి హైదరాబాదీ, తాను పుట్టింది ఇక్కడ, హద్రమౌత్‌ను కంటితో చూసిందే లేదు. అలాంటివాణ్ణి ఏ ఊరికి పంపుతారు? "మీదే ఊరు?" అన్నది మనకు కాలక్షేపం ప్రశ్న. ఆ రోజుల్లో ఆ ఇళ్ళల్లోని ఇల్లాళ్ళకు మాత్రం అది మొగుడు ఉంటాడా, వెళ్ళిపోతాడా అన్న ప్రశ్న. కొలువు పోయినా బార్కస్ పోలేదంటే, కుటుంబాలు ఇక్కడ వేళ్ళూనుకోబట్టే.

పోనీ, బార్కస్ పాతబస్తీలోదేనా? పాత నగరానికి పూర్వం ప్రహరీగోడ ఉండేది. దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు దాని గుర్తులుగా మిగిలాయి. బార్కస్ ఆ గోడకు ఎంతో బయట. అయినా అందరూ పాతబస్తీ అనే అంటారు. శాస్త్రంలో దీనికీ చోటుంది. సర్కారు గీసిన హద్దుల ప్రాంతం ఒకటి, సంతలూ బస్సులూ కలిపి కుట్టిన ప్రాంతం ఒకటి, జనం మనసులో ఉన్న ప్రాంతం మరొకటి. మూడో దానికి ఏ గోడా అడ్డురాదు.

డొరీన్ మాసీ అని ఇంగ్లండులో ఒక భూగోళ శాస్త్రజ్ఞురాలు ఉండేది. 1991లో, తానుండే లండన్ పేటలోని వీధినే ఉదాహరణగా తీసుకుని ఓ వ్యాసం రాసింది. ఊరంటే గిరిగీసుకుని కూచున్నది కాదనీ, ఎక్కడెక్కడి దారులో వచ్చి కలుసుకున్న చోటనీ ఆమె భావం. బార్కస్ వాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. గళ్ళ లుంగీలు, గోధుమల హరీస్, ఇప్పుడు ఊరంతా ఎగబడి తినే మందీ, ఒక్కొక్కటీ ఒక్కో దారి.

1970ల తర్వాత చమురు దేశాలకు వలసలు మొదలయ్యాయి. తాతలు వచ్చిన దిక్కుకే మనవలు బయల్దేరారు. ఈసారి విమానాల్లో. ఇక్కడ పిల్లల చదువులూ, పెద్దల మందులూ, వచ్చిన డబ్బుతో ఇల్లు కట్టించడాలూ చూసుకున్నది ఆ ఇళ్ళ ఆడవాళ్ళే. పటంలో బార్కస్ ఒక చుక్క. ఆ చుక్కను ఊరుగా నిలబెట్టినవాళ్ళ పేర్లు మాత్రం ఏ పటంలోనూ కనిపించవు.