వంటింటి అమానతు

1907లో న్యూయార్కు నగరాధికారులు మేరీ మాలన్ అనే వంటమనిషిని నిర్బంధించారు. ఆమెకు జబ్బు లక్షణమేదీ లేదు. అయినా ఆమె వండిన ఇండ్లలో టైఫాయిడ్ వ్యాపించింది. రోగక్రిములు ఆమె దేహంలోనే దాగి ఉన్నాయి. ఇక వంట చేయనని మాట ఇవ్వగా 1910లో విడిచిపెట్టారు. బట్టలుతికే పనిలో కూలి చాలక, పేరు మార్చుకొని ఆమె మళ్ళీ గరిటె పట్టింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో 25 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు మరణించారు.

మదీనా బజారులో తడి ధాన్యాన్ని పొడి గింజల క్రింద ఉంచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) మందలించారు. కంటికి కనిపించని కీడుకూ అదే న్యాయం: తెలిసిన పిదప దాచరాదు. అయితే రోగం చెప్పుకున్నవాని కూలి కోస్తే, అతడు దాచక ఏమి చేస్తాడు? వంటవాడు చేతులు శుభ్రపరచుకోవాలి. యజమాని జబ్బుపడిన పనివానికి కూలి ఆపక విశ్రాంతినివ్వాలి. రెండూ అమానతులే, రెంటికీ అల్లాహ్ సన్నిధిలో లెక్క ఉంది.