ఆక్రమణ జీవజాతుల ఆన్‌లైన్ డేటాబేస్‌లు

మనుషుల వల్ల సొంత నేల దాటి కొత్త ప్రాంతానికి చేరి, అక్కడి జీవజాలానికో, పంటలకో, ప్రజల ఆరోగ్యానికో హాని చేసే మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులను ఆక్రమణ జీవజాతులు అంటారు. అవి ఎక్కడివి, ఏ దారిన ఎక్కడికి చేరాయి, ఏం నష్టం చేశాయి, ఎలా అదుపులోకి వచ్చాయి అన్న వివరాలను ఇంటర్నెట్‌లో అందించే డేటాబేస్‌లు 1990లలో మొదలయ్యాయి. ఒక దేశానికి కొత్తగా వచ్చిన పురుగు మరో దేశానికి ఎప్పటినుంచో తెలిసినదే కావచ్చు. ఆ అనుభవాన్ని ఆలస్యం లేకుండా చేరవేయడమే వీటి ముఖ్య ప్రయోజనం.

నేపథ్యం

బ్రిటిష్ జీవావరణ శాస్త్రవేత్త చార్లెస్ ఎల్టన్ 1958లో వెలువరించిన పుస్తకం ఈ అధ్యయనానికి పునాది వేసింది. 1980లలో అంతర్జాతీయ పరిశోధన కార్యక్రమాలు వచ్చినా, సమాచారం మాత్రం వేర్వేరు దేశాల పత్రికల్లో, ప్రభుత్వ నివేదికల్లో చెల్లాచెదురుగా ఉండేది. హానికర పరాయి జాతులను అడ్డుకోవాలని, అదుపు చేయాలని 1992 నాటి జీవవైవిధ్య ఒప్పందం సభ్య దేశాలకు చెప్పింది. ఆ పని చేయాలంటే ముందు జాబితాలు కావాలి.

తొలి ప్రయత్నాలు

ఓడలు నిలకడ కోసం నింపుకునే బ్యాలస్ట్ నీటితో వచ్చిన జీబ్రా ఆల్చిప్పలు 1988లో ఉత్తర అమెరికాలోని గ్రేట్ లేక్స్ ప్రాంతంలో కనిపించాయి. కొద్దికాలానికే నీటి గొట్టాలను మూసేసే స్థాయికి పెరిగాయి. అమెరికా 1990లో ప్రత్యేక చట్టం చేసింది. దాని ఊతంతో అమెరికా భూగర్భ సర్వే సంస్థ ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ నుంచి నడిపే పరాయి జలచరాల డేటాబేస్ ఎదిగింది. డేనియల్ పౌలీ, రైనర్ ఫ్రోసె రూపొందించిన ఫిష్‌బేస్ మొదట సీడీలుగా వచ్చి, 1996లో ఇంటర్నెట్‌కు చేరింది. ఏ చేపను ఏ దేశం ఎక్కడికి తెచ్చి వదిలిందో కూడా అందులో దొరుకుతుంది.

ప్రపంచ జాబితా

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్‌కు చెందిన నిపుణుల బృందం 1998–2000 మధ్య గ్లోబల్ ఇన్వేసివ్ స్పీషీస్ డేటాబేస్‌ను నిర్మించింది. 2000లో అదే బృందం ప్రకటించిన ‘వంద అతి హానికర జాతులు’ జాబితాకు విస్తృత ప్రచారం వచ్చింది. గుర్రపుడెక్క, లాంటానా, ఆఫ్రికా నత్త అందులో ఉన్నాయి. మన పెరళ్లలో తిరిగే గోరింక, పికిలిపిట్ట కూడా ఉన్నాయి. ఇక్కడ సహజంగా బతికే ఈ పక్షులు పసిఫిక్ దీవుల్లో ఆక్రమణదారులు. అందుకే జాతి పేరు ఒక్కటే సరిపోదు. ఏ ప్రాంతంలో అన్న వివరం తప్పనిసరి. రిండర్‌పెస్ట్ పశువ్యాధి నిర్మూలన అయిందని 2011లో ప్రకటించడంతో ఆ వైరస్ జాబితా నుంచి తొలగింది. దాని స్థానంలో 2013లో సాల్వినియా మొలెస్టా అనే నీటి ఫెర్న్ చేరింది.

విస్తరణ

ఐరోపా సంఘం నిధులతో 2005–2008 మధ్య సాగిన డైసీ ప్రాజెక్టు దాదాపు 11 వేల పరాయి జాతులను నమోదు చేసింది. తర్వాత వచ్చిన ఈసిన్ వ్యవస్థ, ఆక్రమణ జాతులపై 2014లో వచ్చిన ఐరోపా చట్టం అమలుకు సమాచార వేదికగా నిలిచింది. వ్యవసాయ రంగానికి ఎక్కువగా ఉపయోగపడేది కాబీ అనే అంతర్జాతీయ సంస్థ 2011లో ప్రారంభించిన కంపెండియం (సమాచార సంకలనం): ఒక్కో తెగులు, పురుగు, కలుపు మొక్కకు ఆతిథ్య పంటలు, వ్యాప్తి పటం, నివారణ మార్గాలు అందులో ఉంటాయి.

జార్జియా విశ్వవిద్యాలయం 2005లో తెచ్చిన ఎడ్‌మ్యాప్స్, 2008లో మొదలైన ఐనేచురలిస్ట్ సామాన్యులను కూడా పరిశీలకులను చేశాయి. దేశాలవారీ జాబితాలను గ్రిస్ రిజిస్టర్ అందిస్తుంది. ఆర్థిక నష్టాన్ని లెక్కగట్టేందుకు వచ్చిన ఇన్వాకాస్ట్ డేటాబేస్ ప్రకారం 1970–2017 మధ్య ప్రపంచం కనీసం 1.28 లక్షల కోట్ల డాలర్లు నష్టపోయింది.

భారతదేశంలో

హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ శాస్త్రవేత్త సి. సుధాకర్ రెడ్డి 2008లో 173 ఆక్రమణ మొక్కల జాబితా ప్రచురించారు. ఆ తర్వాత వచ్చిన ఇలోరా డేటాబేస్ దేశంలోని 1,700కు పైగా పరాయి మొక్కల వివరాలను ఒకచోట చేర్చింది.

తెలుగు రాష్ట్రాల రైతులకు ఈ సమాచారం ఎంత అవసరమో రెండు పురుగులు చూపించాయి. 2016లో పశ్చిమ ఆఫ్రికాలో బయటపడిన కత్తెర పురుగు 2018లో కర్ణాటక మొక్కజొన్నలో కనిపించి, అదే ఏడాది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లకు పాకింది. మిరపను దెబ్బతీసిన నల్ల తామర పురుగు సంగతి వేరు. బెంగళూరులో బొప్పాయిపై ఇది ఉన్నట్టు 2015లోనే నమోదైంది. ఆగ్నేయాసియాలో మిరపకు హాని చేస్తుందన్న సమాచారమూ ఉంది. 2021లో గుంటూరు, ఖమ్మం మిరప తోటలు దానికి బలయ్యాయి. సమాచారం నమోదు కావడం వేరు, అది ముందస్తు హెచ్చరికగా పొలానికి చేరడం వేరు.

పరిమితులు

పరిశోధన నిధులు పుష్కలంగా ఉన్న దేశాల నుంచే వివరాలు ఎక్కువగా వస్తాయి. పటంలో ఒక జిల్లా ఖాళీగా ఉంటే అక్కడ ఆ జాతి లేదని కాదు, ఎవరూ వెతకలేదని కూడా కావచ్చు. నిర్వహణ ఖర్చు మరో చిక్కు. ఐయూసీఎన్ డేటాబేస్‌కు మొదట్లో అండగా నిలిచిన అంతర్జాతీయ కార్యక్రమం నిధుల్లేక 2011లో మూతపడింది. ప్రాజెక్టు ముగిశాక డైసీ వివరాల నవీకరణ ఆగింది. ఆ జాబితాలను తర్వాత జీబిఫ్ అనే ఉమ్మడి వేదికలో భద్రపరిచారు. గ్రిస్ జాబితాలనూ అక్కడే ఉంచడం వల్ల, ఒక సంస్థ వెనక్కి తగ్గినా ఆ సమాచారం పరిశోధకులకు అందుబాటులో ఉంటుంది.