ఊరు మరిచిపోయిన ద్రాక్ష

మా నాన్నగారు మందు ముట్టరు. అయినా ద్రాక్షతోట చూపిస్తానంటే కాదనలేదు, సేద్యం చేసిన మనిషి కదా. రెండేళ్ళ కిందట ఆగస్టులో ఆయన్ని శాన్ ఫ్రాన్సిస్కోకి తూర్పున, ఆంటియాక్ దగ్గర ఇసుక నేలలో ఉన్న ఒక పాత తోటకి తీసుకెళ్ళాను. పందిరి లేదు, నీటి గొట్టాలు లేవు. నడుమెత్తున మెలితిరిగిన మొద్దులు, వందేళ్ళు పైబడ్డవి.

"ఏరా, ఒక్కో మొక్క ఆకు ఒక్కో రకంగా ఉందేం?" అన్నారు. పదేళ్ళుగా ఆ వైన్ తాగుతున్నా నాకు తట్టని ప్రశ్న అది.

నిజమే, అక్కడ రకాలు కలిపి నాటారు. 19వ శతాబ్దం చివర్లో ఇటలీ, పోర్చుగల్ నుంచి వలసవచ్చిన రైతులు ఒకే చెక్కలో నాలుగైదు రకాలు వేసి, అన్నీ కలిపి కోసి, ఒకే తొట్టిలో పులియబెట్టేవారు. ఒకటి దెబ్బతింటే ఇంకొకటి కాపాడుతుందని ధీమా. మన మెట్టరైతు వేరుశనగలో కంది సాళ్ళు వేసినట్టే. ఇందులో ముఖ్యమైనది జిన్‌ఫాండెల్. దీని గుత్తిలో పచ్చికాయా, పండూ, ఎండి ముడతపడ్డదీ పక్కపక్కనే ఉంటాయి. అందుకే ఆ వైన్‌లో జామ్ లాంటి తీపి వాసన, మిరియాల ఘాటు, మత్తూ ఎక్కువ. పెటీట్ సిరా నలుపునీ వగరునీ ఇస్తుంది, కారిన్యాన్ పులుపునిస్తుంది. అలికాంటే బూషేకి తొక్కే కాదు, గుజ్జు కూడా ఎరుపే. అన్నీ కలిసి నోట్లో బరువుగా, చిక్కగా నిలుస్తాయి.

1920 నుంచి 1933 దాకా మద్యనిషేధంలో ఈ తోటలు బతికింది కూడా వలసకుటుంబాల వల్లే. ఇంటి వాడకానికి ఏడాదికి 200 గాలన్ల 'పళ్ళరసం' చేసుకోవచ్చని చట్టంలో వెసులుబాటు ఉండేది. రైలుపెట్టెల్లో ద్రాక్ష తూర్పుకి వెళ్ళేది. రసం ఏమయ్యేదో అందరికీ తెలుసు!

మరి జిన్‌ఫాండెల్ ఎక్కడిది? హంగరీ నుంచి వచ్చిన అగోస్టన్ హరాజ్‌తీ తెచ్చాడని ఆయన కొడుకు ప్రచారం చేశాడు, చాలాకాలం జనం నమ్మారు. కాని 1830ల్లోనే బోస్టన్ ప్రాంతంలో దాన్ని తినే పండుగా పెంచేవారని చరిత్రకారుడు చార్ల్స్ సల్లివన్ తేల్చాడు. 1967లో ఆస్టిన్ గోహీన్ అనే శాస్త్రవేత్త ఇటలీలో 'ప్రిమిటీవో' తాగి, తోట చూసి, ఇది మనదేనే అనుకున్నాడు. 1990ల్లో డీఎన్ఏ పరీక్ష అవునంది. కాని అసలు ఊరు ఇటలీ కూడా కాదు. డేవిస్ విశ్వవిద్యాలయంలో కారొల్ మెరెడిత్, క్రోయేషియాలో పేయిచ్, మలేటిచ్ కలిసి డాల్మేషియా తీరమంతా వెతికారు. 2001లో స్ప్లిట్ దగ్గర కష్టెల్ నోవిలో ఒక తోటలో దొరికింది. ఊళ్ళోవాళ్ళు దాన్ని 'త్సర్ల్యెనాక్' అంటారు, అంటే ఎర్రది. తరవాత ఎండబెట్టి దాచిన పాత ఆకుతో పోల్చితే, 15వ శతాబ్దపు పత్రాల్లో కనిపించే ట్రిబిడ్రాగ్ ఇదేనని తేలింది. కాలిఫోర్నియాలో వేల ఎకరాల్లో పండుతున్న ద్రాక్షకి పుట్టినచోట ఆ తోటలో మిగిలినవి తొమ్మిది మొక్కలు.

పనిలో తప్పులు వెతకడం అలవాటైన బుర్ర కాబట్టి, ఈ వెతుకులాటంతా నాకు మహా ఇష్టం. తిరుగుదారిలో కారులో నాన్నగారికి చెప్పుకుంటూ వచ్చాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

"మన పొలంలో మొలగొలుకులు వేసి ఎన్నాళ్ళయిందో. విత్తనం ఎవరి దగ్గరన్నా ఉందో లేదో" అన్నారు చివరికి.

ఇంటికి రాగానే నెల్లూరులో ఉన్న మా బాబాయికి ఫోన్ చేశారు. అక్కడింకా తెల్లవారలేదు.