పికప్ వెనక భాగం ఎందుకు ఎత్తుగా ఉంటుంది? సాలూరు ఘాట్ మీదుగా కమాన్ కట్టల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ బండ్ల గురించే, కానీ రివ్యూ కాదు. హిస్టరీ.

ఖాళీగా ఆగి ఉన్న పికప్‌ని ఎప్పుడైనా పక్కనుంచి గమనించారా? వెనక భాగం కాస్త లేచి, ముక్కు కిందకి వంగినట్టు ఉంటుంది. రీల్స్‌లో అమెరికా పికప్‌లు చూసిన మన కుర్రాళ్లకి ఇది నచ్చదు. అక్కడ లెవెలింగ్ కిట్ అని ఒకటి వేసి, ముందు భాగాన్ని ఒకటి రెండంగుళాలు లేపి బండిని సమంగా నిలబెడతారు. చూడ్డానికి భలే ఉంటుంది, కాదనను. "అన్నా, మన బండికీ చేయిద్దామా? షాక్స్ కూడా మార్చేస్తే సరిపోద్ది కదేటి?" అని నన్ను చాలామంది అడిగారు.

జవాబు ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కానీ ఆ వెనక భాగం అంత ఎత్తుగా ఎందుకు ఉందో అర్థం కావాలంటే ముందు సాలూరు వెళ్లాలి.

పట్టాలు ఆగిపోయిన ఊరు

సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లా. 1979కి ముందు శ్రీకాకుళం జిల్లా. 1950కి ముందు విశాఖపట్నం జిల్లా. ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లాలే మారాయి.

విజయనగరం నుంచి పార్వతీపురానికి రైలు మార్గం 1908-09లో వచ్చింది. 1913లో బొబ్బిలి నుంచి సాలూరుకి ఒక చిన్న లైను వేశారు. అక్కడితో పట్టాలు ఆగిపోయాయి. ఎందుకంటే ఆ పైన కొండలే. కొండెక్కితే పొట్టంగి, కోరాపుట్, జయపురం. 1936లో ఒడిశా ప్రావిన్స్ ఏర్పడేదాకా ఆ ప్రాంతమంతా విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది.

రైలు ఎక్కలేని కొండ ఎవరు ఎక్కాలి? పాతకాలంలో బ్రింజారీలు, అంటే మన లంబాడీలు, ఎద్దుల వీపు మీద బస్తాలేసి తోలుకెళ్లేవారు. తీరం నుంచి ఉప్పు పైకి, పైనుంచి ధాన్యం కిందకి. ఘాట్ రోడ్డు పడ్డాక ఎడ్లబండ్లు, ఆ తర్వాత లారీలు. ఇవాళ్టికీ మన వైపు సాలూరు అంటే లారీలే గుర్తొస్తాయి. ఓనర్లు, డ్రైవర్లు, బాడీ కట్టే షెడ్లు, కమాన్ కట్టలు బిగించే మెకానిక్‌లు. రైలు ఆగిన చోట లారీకి పని దొరికింది, అంతే. విశాఖ నుంచి రాయపూర్ వైపు వెళ్లే హైవే కూడా ఈ ఊరి మీదుగానే. పాత నంబరు 43, ఇప్పుడు 26.

ఈ రూట్‌లో బండికి రెండు పరీక్షలుంటాయి. ఒకటి బరువు, రెండోది కొండ. కోరాపుట్ సముద్రమట్టానికి 800 మీటర్ల పైన ఉంది. లోడుతో అంత ఎక్కాలి, లోడుతో అంత దిగాలి.

స్ప్రింగ్ లేని బండి నుంచి

మన ఎడ్లబండికి స్ప్రింగ్ ఉండేది కాదు. చెక్క చక్రం, ఇరుసు, నేరుగా బండి. గతుకు తగిలితే ఆ దెబ్బ ఎద్దు మెడకీ, మనిషి నడుముకీ వెళ్లేది. తర్వాత టైరు బండి వచ్చింది, టైరులో గాలే కాస్త స్ప్రింగ్ పని చేసింది.

ఇంగ్లండ్‌లో 1804లో ఒబదయా ఇలియట్ అనే ఆయన గుర్రపు బగ్గీలకి ఉక్కు పట్టీలతో స్ప్రింగ్ అమర్చే పద్ధతి తెచ్చాడు. మన లారీ కింద ఈరోజు కనిపించే కమాన్ కట్ట ఆ కుటుంబానిదే. ఒకదాని మీద ఒకటి పేర్చిన పట్టీలు, మధ్యలో సెంటర్ బోల్ట్, ఇరుసుకి కట్టేసే యు బోల్టులు. చూడ్డానికి మోటుగా ఉంటుంది కానీ తెలివైన వస్తువు. బరువు మోస్తుంది, ఇరుసు పక్కకి జరగకుండా పట్టుకుంటుంది, పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకుంటూ ఊపుని కూడా కొంత ఆపుతుంది. మూడు పనులు, ఒక్క కట్ట.

మహీంద్రా కంపెనీ 1947లో విల్లీస్ జీపులు మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. యుద్ధంలో వాడిన ఆ విల్లీస్ జీపులో నాకు బాగా నచ్చిన డిటైల్ ఒకటుంది. ముందువైపు ఎడమ స్ప్రింగ్, కుడి స్ప్రింగ్ ఒకేలా ఉండవు. డ్రైవరూ, ఆయన సీటు కింద పెట్రోల్ ట్యాంకూ ఎడమ పక్కే కాబట్టి ఆ పక్క స్ప్రింగ్ గట్టిగా చేశారు. ఇది కూడా లెవెలింగే. కానీ అందం కోసం చేసింది కాదు, బరువు లెక్క చూసి చేసింది.

షాక్ అబ్జార్బర్ షాక్ తీసుకోదు

ఇక్కడ పేరే మనల్ని తికమక పెడుతుంది. గతుకు దెబ్బ తీసుకునేది స్ప్రింగ్. తీసుకున్నాక అది పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని ఆపేది షాక్ అబ్జార్బర్. లోపల పిస్టన్ సన్నటి రంధ్రాల గుండా ఆయిల్‌ని తోస్తుంది, ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. బీటెక్‌లో డ్యాంపింగ్ అని చదివినవాళ్లకి గుర్తొచ్చే ఉంటుంది. అంటే మామూలు షాక్ బరువు మోయదు. లోడేస్తే వెనక కూర్చుండిపోతోందని షాక్స్ మార్చినా బండి లేవదు.

ఆయిల్ షాక్స్ 20వ శతాబ్దం మొదట్లోనే వచ్చాయి. మన దేశంలో గాబ్రియేల్ ఇండియా కంపెనీ 1961లో మొదలైంది. గతుకుల రోడ్డు మీద ఆగకుండా కొడితే లోపల ఆయిల్, గాలి కలిసి నురగ అయిపోతుంది. నురగకి పట్టు ఉండదు. దీనికి మందుగా ద కార్బన్ అనే ఫ్రెంచ్ ఇంజినీర్ గ్యాస్ ఒత్తిడితో పనిచేసే షాక్ తయారుచేశాడు. 1950ల్లో బిల్‌స్టైన్ దాన్ని మెర్సిడెస్ కార్లకి ఎక్కించింది. ఈరోజు షాపులో "గ్యాస్ షాక్స్" అని అమ్మేదాని మూలం అదే. సీతంపేట, కురుపాం వైపు కంకర రోడ్ల మీద తిరిగే బండికి ఇది పనికొచ్చే ఖర్చే.

2005, చిన్న బండ్ల సంవత్సరం

2005లో రెండు సంగతులు జరిగాయి. మే నెలలో టాటా ఏస్ వచ్చింది. రెండు సిలిండర్ల చిన్న డీజిల్ ఇంజిన్, ముందూ వెనకా కమాన్ కట్టలే. నవంబరులో సుప్రీంకోర్టు లారీల ఓవర్‌లోడ్ మీద గట్టి తీర్పు ఇచ్చింది. పెద్ద లారీ హైవే మీద, చిన్న బండి ఊళ్లోకి అనే పద్ధతి బలపడింది. పలాస జీడిపప్పు, తీరం చేపలు, విజయనగరం మామిడి, అన్నీ చిన్న బండ్లెక్కాయి.

సాలూరు లారీకి ఉన్న అదే లెక్క ఈ చిన్న బండ్లకీ వచ్చింది. ఉదాహరణకి 100 కిలోలకి వెనక ఒక సెంటీమీటరు దిగే స్ప్రింగ్ ఉందనుకుందాం. టన్ను వేస్తే 10 సెంటీమీటర్లు దిగుతుంది. అందుకే ఖాళీగా ఉన్నప్పుడు వెనక అంత ఎత్తు పెట్టి పంపిస్తారు. ఆ ఎత్తు లోడు కోసం దాచిన జాగా. బండి సమంగా నిలబడేది లోడేసినప్పుడు.

ఇప్పుడు ముందు భాగం లేపించారు. ఖాళీగా సూపర్. లోడేయగానే వెనక దిగి ముక్కు ఆకాశం చూస్తుంది. హెడ్‌లైట్ ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. ముందు ఇరుసు కోణం కూడా మారితే స్టీరింగ్ నిలకడ తగ్గుతుంది.

దీనికంటే ప్రమాదం, వెనక అదనంగా ఒక పట్టీ వేయించడం. చాలా పికప్‌లలో వెనక ఇరుసు నుంచి ఛాసిస్ మీది ఒక వాల్వ్‌కి చిన్న కడ్డీ ఉంటుంది. వంగి చూడండి, కనిపిస్తుంది. వెనక ఎంత దిగిందో చూసి, లోడెంతో అంచనా వేసి, వెనక బ్రేకులకి ఎంత ఒత్తిడి పంపాలో అది నిర్ణయిస్తుంది. మీరు పట్టీ వేస్తే లోడున్నా బండి దిగదు. వాల్వ్ బండి ఖాళీగా ఉందనుకుంటుంది, వెనక బ్రేక్ తగ్గిస్తుంది. సుంకి నుంచి సాలూరుకి ఘాట్ దిగుతూ, టన్ను సరుకుతో, సగం బ్రేకుతో. ఊహించుకోండి. ఏబీఎస్ ఉన్న కొన్ని కొత్త బండ్లలో ఈ పని కంప్యూటర్ చూసుకుంటుంది గానీ, ఇరుసు, బేరింగులు, బ్రేకులు మోసే శక్తి మాత్రం ఏ బండిలోనూ పట్టీ వేసినంత మాత్రాన పెరగదు.

చట్టం కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న కంపెనీ వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మళ్లీ గట్టిగా చెప్పింది.

మరి ఏం చేయాలి?

షాక్స్ ఆయిల్ కారుతుంటే మార్చండి. ఒకటి కాదు, జతగా. కంపెనీ చెప్పిన పొడవుదే వేయండి, గ్యాస్ అయినా పర్లేదు. బుష్‌లు, యు బోల్టులు చూపించండి. బండి ఒక పక్కకి ఒరిగితే చదునైన చోట ఆపి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ దాకా రెండు పక్కలా టేపుతో కొలవండి. తేడా ఉంటే పట్టీ విరిగిందేమో, కట్ట అలిసిపోయిందేమో చూడాలి. కమాన్ కట్ట పని చేయిస్తే బ్రేక్ వాల్వ్ సెట్టింగ్ కూడా అడిగి చూపించండి. మీ బండి లెవెల్‌గా ఉందో లేదో చూడాలంటే, రోజూ వేసే లోడు వేసి చూడండి.

ఇంట్లో పికప్ తోలే నాన్నో, బావో, మావయ్యో ఉంటే ఆ బ్రేక్ వాల్వ్ ముక్క ఒక్కటైనా వాళ్లకి వినిపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.