పారసోల్ పుట్టగొడుగులు, వాటి చుట్టాలు

ఎత్తయిన సన్నని కాడ, దాని మీద వెడల్పుగా విప్పుకున్న టోపీ, టోపీ నిండా గోధుమరంగు పొలుసులు, వేలితో జరిపితే పైకీ కిందికీ కదిలే ఉంగరం: ఈ గుర్తులున్న శిలీంధ్రాలను పారసోల్ పుట్టగొడుగులు అంటారు. ఈ పేరు మొదట వచ్చింది యూరప్ గడ్డి మైదానాల్లో, అడవి అంచుల్లో మొలిచే మాక్రోలెపియోటా ప్రోసెరాకు. స్కోపోలి 1772లో దానిని అగారికస్ ప్రజాతిలో చేర్చి వర్ణించాడు. రోల్ఫ్ సింగర్ 1948లో మాక్రోలెపియోటాలోకి మార్చాడు. టోపీ 10 నుంచి 25 సెంటీమీటర్ల దాకా విచ్చుకుంటుంది, ఒక్కోసారి అంతకు మించుతుంది. దక్షిణాసియాలో దీనికి దగ్గరి చుట్టం మాక్రోలెపియోటా డోలికౌలా. శ్రీలంక నమూనాలను చూసి బర్క్‌లీ, బ్రూమ్ 1871లో దానికి పేరు పెట్టారు.

పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న విడివడిన వనపర్తి, జోగులాంబ గద్వాల, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో నేల తీరు ఆ యూరప్ గడ్డి మైదానాలకు వేరు. ఎక్కువగా ఎర్ర చెలకలు, అక్కడక్కడ రేగడి, తూర్పున నల్లమల. తొలకరి పడ్డాక ఇక్కడి జనం వెతికేది పారసోల్ కోసం కాదు, పుట్టకొక్కుల కోసం. గెట్ల మీద, చెట్ల కింద, చెదపుట్టల చుట్టూ లేచే ఈ తెల్లని గొడుగులు చూపుకు పారసోల్ తోబుట్టువుల్లా ఉంటాయి గానీ, వాటి కుటుంబం వేరు. పారసోల్‌ది అగారికేసీ, పుట్టకొక్కులది లయోఫిల్లేసీ. పోలిక ఒక దారిన, చుట్టరికం మరో దారిన పోవడమే ఈ శిలీంధ్రాల చరిత్ర పొడవునా కనిపిస్తుంది.

పుట్టకొక్కుల సంగతి మొదట రాసినవారిలో ఒకడు యోహాన్ గెర్హార్డ్ కోనిగ్. లిన్నేయస్ శిష్యుడు, 1768లో తరంగంబాడి చేరిన వైద్యుడు. దక్షిణ భారతపు చెదల మీద 1779లో అచ్చయిన వ్యాసంలో, పుట్ట లోపల చెదలతో పాటు బూజు కూడా ఉంటుందని చెప్పాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో కన్నుమూశాడు.

కోనిగ్ చూసిన బూజు వెనుక ఒక వ్యవసాయం ఉంది. చెదలు ఎండుటాకులు, పుల్లలు తిని, ఆ మలంతో పుట్ట లోపల తేనెతుట్టెలాంటి అరలు కడతాయి. అందులో పెరిగే శిలీంధ్రం చెదలకు అరగని కట్టెపీచును మెత్తబరుస్తుంది, తెల్లని బొడిపెలుగా ఆహారాన్నిస్తుంది. వానలకు నేల తడిసినప్పుడు అదే శిలీంధ్రం పొడవాటి వేరులాంటి కాడను పైకి పంపి గొడుగు విప్పుతుంది. ఈ ప్రజాతికి రోజర్ హైమ్ 1942లో టెర్మిటోమైసిస్ అని పేరు పెట్టాడు. మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన కె. నటరాజన్ 1979లో దక్షిణ భారతం నుంచి కొత్త జాతిని వర్ణిస్తూ, హైమ్ మీద గౌరవంతో దానిని టెర్మిటోమైసిస్ హైమీ అన్నారు. చెదలు లేకుండా ఈ గొడుగులను పండించే పద్ధతి వాడుకలోకి రాలేదు. అందుకే పుట్టకొక్కులు ఇప్పటికీ వానాకాలంలో కొద్దిరోజులు మాత్రమే దొరికే అడవి తిండి.

రుచి కోసం వెతికేవారికి ప్రమాదం అసలైన పారసోల్ చుట్టం నుంచే వస్తుంది. దాని పేరు క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్. దక్షిణ అమెరికాలోని ఎసెక్విబో ప్రాంతపు నమూనాతో మేయర్ 1818లో వర్ణించిన ఈ జాతి వేడి దేశాలన్నిటా కనిపిస్తుంది. వానలు పడ్డాక పచ్చిక మీద, ఎరువు వేసిన చోట, తోటల్లో ఒక్కోసారి గుండ్రని వరుసగా మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు టోపీ కింది రేకులు తెల్లగానే ఉంటాయి. ముదిరేకొద్దీ పచ్చబారతాయి. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి మొదలవుతాయి. 2012లో జపాన్ పరిశోధకులు దీనిలోని విష ప్రొటీన్‌ను వేరుచేసి మోలిబ్డోఫిల్లిసిన్ అన్నారు.

ఏది ఏదో తెలుసుకోవడానికి టోపీని కోసి, రేకులు కిందికి ఉండేలా తెల్ల కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచితే సిద్ధబీజాల పొడి కాగితం మీద రాలుతుంది. పచ్చ పొడి రాలితే మోలిబ్డైటిస్ అని అనుమానించాల్సిందే. పుట్టకొక్కుల పొడి లేత గులాబిరంగులోనూ, మాక్రోలెపియోటాది తెల్లగానూ ఉంటుంది. తెల్ల పొడి చూసి తినవచ్చని అనుకోవడం మాత్రం ప్రాణాంతకం. లెపియోటా అనే చిన్న చుట్టాలు కొన్ని తెల్ల పొడినే రాలుస్తాయి, వాటిలో అమటాక్సిన్లు ఉంటాయి. వండినా ఆ విషం పోదు. ఆరు నుంచి ఇరవైనాలుగు గంటల దాకా ఏ బాధా తెలియనివ్వదు, తర్వాత కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వెండి నల్లబడితే విషమని, పురుగు కొరికితే మంచిదని చెప్పుకునే పరీక్షలు ఈ విషాల దగ్గర పనికిరావు. కుక్కగొడుగులంటూ పెద్దలు ముట్టనివ్వని వాటికి దూరంగా ఉండటమే మేలు. తిన్నాక వాంతులైతే మిగిలిన ముక్కను పారేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మెట్ట నేలకు నప్పే మరో చుట్టం పొడాక్సిస్ పిస్టిల్లారిస్. వర్షం తక్కువ పడే చోట్ల, తరచు చెదపుట్టల మీద, నిటారుగా నిలిచే దీని టోపీ గొడుగులా విప్పుకోదు. లోపలి సిద్ధబీజాలు నల్లని పొడిగా మారి, టోపీ చీలాక గాలికి చెదిరిపోతాయి. రాజస్థాన్ ఎడారిలో లేత పొడాక్సిస్‌ను కూర వండుకుంటారు. 1771లో లిన్నేయస్ దీనిని లైకోపెర్డాన్ ప్రజాతిలో, పొడి చిమ్మే గుండ్రని శిలీంధ్రాల వరుసలో చేర్చాడు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక ఇది పారసోల్ ఉన్న అగారికేసీ కుటుంబానిదేనని తేలింది. అదే పరీక్షలతో ఎల్సె వెల్లింగా 2002లో, యూరప్‌లో చాలాకాలం మాక్రోలెపియోటాగా లెక్కలో ఉన్న రాకోడిస్ జాతిని క్లోరోఫిల్లమ్‌లోకి మార్చారు.