గెలీలియో చెప్పిన మూడు జాగ్రత్తలు

మన బడి ల్యాబు బీరువాలో ఒక చిన్న టెలిస్కోపు ఉండేది. అందులో గురుగ్రహం వణికే మసక చుక్కలా కనిపించేది. చవక సరుకని నవ్వి వదిలేశాం. తప్పు దానిది కాదని గెలీలియో చరిత్ర చదివాక తెలిసింది.

1609లో పాడువాలో ఆయన స్వయంగా కటకాలు సానబట్టి చేసుకున్న టెలిస్కోపు చూపింది దాదాపు 20 రెట్లే. అయినా 1610 జనవరి 7న గురుగ్రహం పక్కన మూడు చుక్కలు చూశారు. 13న నాలుగోది కనబడింది. అవి ఆ గ్రహం చుట్టూ తిరిగే ఉపగ్రహాలు.

జనవరి 7 తేదీతోనే ఉన్న ఒక లేఖలో ఆయన మూడు జాగ్రత్తలు చెప్పారు. నాడి కొట్టుకున్నా, ఊపిరి పీల్చినా గొట్టం కదులుతుంది కనుక దాన్ని కదలని చోట నిలపాలి. అద్దాలకు పట్టిన ఆవిరి తుడవాలి. ముందు కటకాన్ని కొంతమేర మూయాలి. అంచుల్లో లోపమున్న ఆనాటి కటకాలకు ఆ మూతతోనే బొమ్మ తేటపడేది.

మేమో, స్టాండు మరలైనా బిగించకుండా అన్నిటికన్నా ఎక్కువ రెట్ల ఐపీసు పెట్టాం. అది వణుకునూ మసకనూ కూడా పెంచింది.

స్వర్ణోత్సవ కానుకగా కొత్తది కొనేముందు, ఆ పాతదాన్ని ఒక రాత్రి మైదానంలో గట్టిగా నిలబెడదాం. తక్కువ రెట్లతో మొదలుపెట్టి, పిల్లలకు ఆ నాలుగు చుక్కలూ చూపిద్దాం.